నీటిని తేర్చే ఆల్చిప్ప

మామిడికాయల కాలం వచ్చిందంటే, కొన్ని ఇళ్లల్లో అటక మీది నుంచి జాడీలతోపాటు ఒక ఆల్చిప్ప కూడా కిందికి దిగేది. దాని వీపును రాతి మీద అరగదీసి మధ్యన చిన్న కన్నం చేస్తారు. ఆ కన్నం అంచు కత్తిలాగా పదునుగా ఉంటుంది. మామిడికాయ మీద పెట్టి లాగితే చెక్కు సన్నని రిబ్బను లాగా ఊడి వస్తుంది. ఇప్పుడు బజారులో చెక్కు తీసే చాకులు దొరుకుతున్నాయి గనక చాలామంది పిల్లలు ఈ ఆల్చిప్పను చూసి ఉండరు. కాని మీ అమ్మమ్మను అడిగి చూడండి. మాగాయ పెట్టేటప్పుడు దాన్ని వాడిన సంగతి ఆవిడ చెబుతుంది.

ఒక ఇంట్లో అమ్మమ్మ ఇలాగే చెక్కు తీస్తూ ఉంటే, పక్కన కూర్చున్న మనమడు ఆ చిప్పను అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మమ్మా, ఇందులో ఉండే పురుగు ఏం తిని బతికేది?" అని అడిగాడు.

"అది తినేదేముందిరా! కాలవలో నీళ్లు తాగి బతుకుతుంది," అన్నది అమ్మమ్మ.

"ఉత్త నీళ్లు తాగితే ఇంత గట్టి చిప్ప ఎలా తయారవుతుంది?" అన్నాడు వాడు.

దీనికి అమ్మమ్మ దగ్గర జవాబు లేదు. కుర్రవాడు అడిగిన ప్రశ్న మటుకు చాలా మంచిది. ఆ ప్రశ్న వెంట పడి వెళితే ఒక చెరువు సంగతీ, ఒక పెద్ద అఖాతం సంగతీ, మనం నీటిలో పారవేసే చెత్త సంగతీ కూడా తెలుస్తాయి.

తల లేని జీవి

మొదట ఒక మాట. ఆల్చిప్పలో ఉండేది పురుగు కాదు. అది నత్తకు చుట్టం. నత్తకు ఒకే గుల్ల ఉంటుంది. దీనికి రెండు చిప్పలున్నాయి. ఆ రెండూ ఒక పక్కన, తలుపు రెక్కకు బందు ఉన్నట్టుగా, సాగే పట్టీతో కలిసి ఉంటాయి. ఆ పట్టీ ఎప్పుడూ చిప్పలను తెరవాలనే చూస్తుంది. లోపల బలమైన కండరాలు వాటిని మూసి పట్టుకుంటాయి. ఏదైనా అలికిడి అయితే కండరాలు బిగుసుకుని తలుపు టక్కున మూసుకుపోతుంది. ప్రాణం పోతే కండరాలు వదులై, చిప్ప తనంతట తానే తెరుచుకుంటుంది. ఒడ్డున పడి ఉన్న చచ్చిన ఆల్చిప్పలు నోరు తెరుచుకుని ఉండటానికి కారణం ఇదే.

ఈ జీవికి తల లేదు. పళ్లు లేవు. వెంటపడి పట్టుకోవటానికి చేతులు లేవు. కాలు లాంటి కండ ఒకటి ఉన్నది గాని, దానితో బురదలో కాస్త కాస్తగా జరగటమే తప్ప పరుగెత్తలేదు. సముద్రంలో ఉండే ఆయిస్టరు అనే జాతి ఆల్చిప్ప అయితే ఆ కాస్త కూడా కదలదు. చిన్నప్పుడు ఒక రాతికో, మరొక చిప్పకో అంటుకున్నదంటే జన్మంతా అక్కడే.

తిండి దగ్గరికి పోలేని జీవి ఏం చెయ్యాలి? తిండినే తన దగ్గరికి రప్పించుకోవాలి. ఆల్చిప్ప చేసే పని సరిగ్గా అదే.

వెంట్రుకల జల్లెడ

చెరువు నీరు పచ్చగా కనిపిస్తే అది నీటి రంగు కాదు. అందులో కంటికి కనపడనంత చిన్న మొక్కలు లక్షలకు లక్షలు తేలుతూ ఉంటాయి. వీటికి వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు. ఒక్కొక్కటి ఒకే ఒక కణం. వీటిని వృక్ష ప్లవకాలు అంటారు. ప్లవకం అంటే తేలేది. ఆల్చిప్పకు పప్పూ, అన్నమూ కూడా ఇవే.

చిప్పలు కొంచెం తెరుచుకున్నప్పుడు ఒక చివర రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి నీరు లోపలికి పోయే దారి, రెండోది బయటికి వచ్చే దారి. ఈ రెంటికీ మధ్య, లోపల, పల్చని పరదాల్లాగా మొప్పలు వేలాడుతూ ఉంటాయి. చేపకు మొప్పలు ఊపిరి తీసుకునేందుకే ముఖ్యం. ఆల్చిప్ప మొప్పలు ఊపిరీ తీస్తాయి, తిండీ పడతాయి.

ఆ మొప్పల నిండా అతి సన్నని వెంట్రుకల లాంటివి ఉన్నాయి. వాటిని శైలికలు అంటారు. గాలికి వరిచేను ఊగినట్టు ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి ఊగుతూ ఉంటాయి. వేల వేల శైలికలు ఇలా ఊగటం వల్ల నీరు ఒక దారిన లోపలికి వచ్చి, మొప్పల సందుల్లో నుంచి దూరి, రెండో దారిన బయటికి పోతుంది. పంపూ ఇదే, జల్లెడా ఇదే. ఇంజనూ లేదు, చప్పుడూ లేదు.

నీటితోపాటు వచ్చిన రేణువులు మొప్పల మీద చిక్కుకుంటాయి. ఆయిస్టరు మొప్పలు మిల్లీమీటరులో రెండు వందల వంతు ఉన్న రేణువును కూడా బాగా పట్టుకోగలవు. చిక్కినవన్నీ జిగురులో కలిసి, సన్నని దారాల్లాగా అయి, నోటి వైపుకు జరిగిపోతాయి.

నోటి దగ్గర రెండు పక్కలా రెండేసి చిన్న రెక్కలు కాపలా ఉంటాయి. అమ్మ చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరినట్టు, ఈ రెక్కలు వచ్చిన సరుకును ఏరుతాయి. పనికి వచ్చే ప్లవకాలు నోట్లోకి పోతాయి. ఇసుకా, మట్టీ, మరీ ఎక్కువైన సరుకూ జిగురు ముద్దగా చుట్టి, తినకుండానే బయటికి నెట్టేస్తాయి.

పొట్టలో ఇంకొక వింత ఉన్నది. అక్కడ గాజుకడ్డీ లాంటి మెత్తని కడ్డీ ఒకటి, మజ్జిగ కవ్వం లాగా, తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. కవ్వం రెండు వైపులా తిరుగుతుంది. ఇది ఒకే వైపుకు తిరుగుతుంది. తిరుగుతూ జిగురు దారాలను లోపలికి లాక్కుంటుంది. అది అరిగిన కొద్దీ దానిలో నుంచి జీర్ణరసం ఊరుతుంది. అరిగిపోయిన కడ్డీ వెనక వైపు నుంచి మళ్లీ పెరుగుతుంది. పళ్లు లేని జీవికి ప్రకృతి ఇచ్చిన తిరగలి ఇది!

మరి చిప్ప? నీటిలో సున్నపు పదార్థం కరిగి ఉంటుంది. శరీరాన్ని కప్పి ఉంచే పల్చని పొర ఆ పదార్థాన్ని కొంచెం కొంచెంగా తీసుకుని, అంచున అంటించుకుంటూ పోతుంది. అందుచేత చిప్ప రోజు రోజుకూ పెరుగుతుంది. గుల్లలను కాల్చి సున్నం చేసేవారంటే అందుకే. కుర్రవాడి ప్రశ్నకు సగం జవాబు ఇదే. ఆల్చిప్ప తాగే నీరు ఉత్త నీరు కాదు.

పటిక ముక్కా, ఆల్చిప్పా

గోదావరికి కొత్త నీరు వచ్చినప్పుడు బిందెలో బురద నీరు ఉంటుంది గదా! కుళాయిలు లేని కాలంలో మన పెద్దవాళ్లు ఆ బిందెలో పటిక ముక్క తిప్పేవారు. లేదా చిల్లగింజను బిందె లోపల అరగదీసేవారు. కొంతసేపటికి నీరు తేరుకునేది. బురద ఏమైంది? మాయమై పోయిందా? పోలేదు. విడివిడిగా తేలుతున్న రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, అడుగున దిగాయి. బిందెను కదిలిస్తే మళ్లీ పైకి వస్తాయి.

ఆల్చిప్ప చేసేది కూడా ఇంచుమించు ఇలాంటి పనే. తినకుండా నెట్టేసిన ముద్దలూ, తిని విసర్జించిన ఉండలూ బరువుగా ఉంటాయి గనక అడుగుకు చేరతాయి. నీరు తేటపడుతుంది. ఆల్చిప్పకు నీటిని శుభ్రం చేద్దామన్న ఆలోచన ఏమీ లేదు. దాని భోజనం అది చేసుకుంటుంది. తేట నీరు ఆ భోజనానికి మిగిలిన ఫలితం.

ఇది నిజమో కాదో మీరే చూడవచ్చు. కాని చెరువు దగ్గరికి పెద్దవాళ్ల తోడు లేకుండా వెళ్లకూడదు. ఒకే రకమైన రెండు గాజు సీసాలు తీసుకుని, రెంటిలోనూ ఒకే చెరువులోని పచ్చని నీరు సమంగా పోయండి. ఒకదానిలో బతికి ఉన్న ఆల్చిప్పను ఉంచండి. రెండో దానిలో అంతే పెద్ద ఖాళీ చిప్పను వెయ్యండి. రెంటినీ నీడలో, కదలకుండా పెట్టండి. మొదట ఆల్చిప్ప బెదిరి మూసుకుని ఉంటుంది. తొందరపడి దాన్ని తట్టకండి. కొన్ని గంటలు పోయాక రెండు సీసాల వెనకా ఒక అచ్చు కాగితం పెట్టి చూడండి. ఏ సీసాలో నుంచి అక్షరాలు బాగా కనపడుతున్నాయి?

ఖాళీ చిప్ప ఉన్న సీసా ఎందుకు అంటారేమో! నీటిని కదలకుండా ఉంచితే మట్టి కొంత దానంతట అదే దిగుతుంది. ఆ ఘనత ఆల్చిప్పకు కట్టబెట్టకూడదు గదా! రెండు సీసాలకూ ఉన్న తేడాయే ఆల్చిప్ప చేసిన పని. తరవాత అడుగున చూస్తే, బతికి ఉన్న ఆల్చిప్ప పక్కన చిన్న చిన్న ముద్దలు కనిపిస్తాయి. చూడటం అయిపోగానే దాన్ని అదే చెరువులో వదిలి, చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసాలో ఎక్కువ రోజులు ఉంచితే అది తిండి లేక చస్తుంది. చచ్చిన ఆల్చిప్ప నీటిని తేర్చదు, కుళ్లబెడుతుంది.

తిన్నది ఎక్కడికి పోతుంది?

పొలానికి వేసిన ఎరువంతా పైరుకే అందదు. కొంత వాన నీటితో కొట్టుకుపోయి కాలవల్లో, చెరువుల్లో కలుస్తుంది. ఊరి మురుగు కూడా అక్కడికే చేరుతుంది. ఈ రెంటిలోనూ నత్రజని, భాస్వరం ఉంటాయి. పైరుకు ఇవి ఎంత బలమో, నీటిలో తేలే ప్లవకాలకూ అంత బలం. అవి విపరీతంగా పెరుగుతాయి. నీరు చిక్కని ఆకుపచ్చగా మారుతుంది. పగలు ఎండ ఉన్నంత సేపూ అవి ప్రాణవాయువును ఇస్తాయి. రాత్రి మటుకు అవి కూడా ఊపిరి పీల్చుకుంటాయి. చచ్చినవి అడుగున కుళ్లుతూ ఉంటే, ఆ కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మిగిలిన ప్రాణవాయువును కూడా వాడేస్తాయి. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే చేపల చెరువుల వాళ్ల గుండెలు గుభేలుమనటం అందుకే.

ఇలాంటి చోట ఆల్చిప్పలు ఉంటే ప్లవకాలు మితిమీరకుండా తినేస్తాయి. అయితే వాటిలో ఉన్న నత్రజని ఏమైనట్టు? దానికి నాలుగు దారులున్నాయి.

మొదటిది, కొంత ఆల్చిప్ప ఒంటికి పట్టి మాంసంగా మారుతుంది. చిప్పలో కూడా కాస్త చేరుతుంది. రెండవది, కొంత ముద్దలుగా అడుగు బురదలో కలుస్తుంది. మూడవది, కొంత ఆల్చిప్ప మూత్రం ద్వారా మళ్లీ నీటిలోకే వస్తుంది. దాన్ని ప్లవకాలు మళ్లీ తింటాయి. నాలుగవది అన్నిటికన్నా విచిత్రం. బురదలో ఉండే కొన్ని రకాల బాక్టీరియా ఆ ముద్దల్లోని నత్రజనిని వాయువుగా మార్చేస్తాయి. అది బుడగలై, నీటిలో కరిగి, చివరకు గాలిలో కలిసిపోతుంది. గాలిలో అయిదింట నాలుగు వంతులు ఉన్నది నత్రజని వాయువే గనక దాని వల్ల బాధ లేదు.

అంటే ఆల్చిప్ప ఒక్కతే ఈ పని చెయ్యటం లేదు. పైన జల్లెడ పట్టేది ఆల్చిప్ప. కింద చెత్త ఎత్తేది బాక్టీరియా. ఇద్దరూ ఉంటేనే ఇల్లు శుభ్రం.

ఒక అఖాతం కథ

ఆల్చిప్పలు చిన్నవి గదా, ఇవి చేసే పని ఏపాటిదని మీకు అనిపించవచ్చు. అందుకు జవాబుగా అమెరికాలో నిజంగా జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

అమెరికా తూర్పు తీరాన, మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాల నడుమ చెసపీక్ అనే అఖాతం ఉన్నది. పొడవు సుమారు 320 కిలోమీటర్లు. అంత పెద్దదైనా లోతు తక్కువ. సగటున ఏడు మీటర్లు కూడా ఉండదు. నదుల మంచినీరూ, సముద్రపు ఉప్పునీరూ కలిసే చోటు గనక ఆయిస్టర్లకు అది పుట్టినిల్లు లాంటిది. ఒక ఆయిస్టరు మీద మరొకటి, దాని మీద ఇంకొకటి అంటుకుని, తరతరాలుగా పెరిగి, నీటి అడుగున దిబ్బలు దిబ్బలుగా ఉండేవి. 1701లో అక్కడికి వచ్చిన ఫ్రాన్సిస్ లూయి మిషెల్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు, ఓడలు ఆ దిబ్బలకు తగలకుండా తప్పించుకుని పోవలసి వచ్చేదని రాశాడు.

మంచి పెద్ద ఆయిస్టరు, నీరు వెచ్చగా అనుకూలంగా ఉన్న రోజున, 190 లీటర్ల వరకూ నీటిని జల్లెడ పట్టగలదు. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే పన్నెండు బిందెలకు పైన! అరచేతిలో ఇమిడే జీవి చేసే పని ఇది. అలాంటివి కోట్లకు కోట్లు ఉంటే ఎంత నీరు తేరుతుందో ఊహించండి.

కాని ఆయిస్టరు రుచి మనిషికి తెలిసిపోయింది. రైళ్లు వచ్చాయి, డబ్బాల్లో నిలవ చేసే కర్మాగారాలు వచ్చాయి. అంతకు ముందు తీరాన ఉన్నవాళ్లు మాత్రమే తినే సరుకు దూర దూర నగరాలకు పోసాగింది. పడవకు ఇనప పళ్లున్న బరువైన వలలు కట్టి, అడుగంతా గీకి ఆయిస్టర్లను ఎత్తేవారు. వాటికోసం పడవల వాళ్లు తుపాకులతో కాల్చుకునేదాకా వచ్చింది! 1868లో మేరీలాండ్ ప్రభుత్వం ఆయిస్టర్ల కోసమే ప్రత్యేకంగా ఒక పోలీసు దళాన్ని పెట్టింది. అయినా ఆగలేదు. 1884-85లో ఒక్క మేరీలాండ్‌లోనే కోటీ యాభై లక్షల బుషెళ్లు పట్టారు. బుషెల్ అంటే ఇంచుమించు ఒక పెద్ద గంపెడు. అంతటితో శిఖరం అయిపోయింది. ఆ తరవాత ఏడాదికేడాది తగ్గిపోతూనే వచ్చింది.

మనుషులు ఆయిస్టర్లను మాత్రమే తీసుకుపోలేదు. వాటి ఇళ్లను కూడా తీసుకుపోయారు. ఎలాగంటే, ఆయిస్టరు పిల్ల పుట్టగానే రెండు మూడు వారాలు నీటిలో ఈదుతుంది. తరవాత గట్టి చోటు వెతుక్కుని అంటుకోవాలి. దానికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు పాత ఆయిస్టరు చిప్ప. చిప్పలను మనుషులు తీసుకుపోయి రోడ్లకు పరిచారు, సున్నానికి కాల్చారు. దిబ్బలు చదునైపోయాయి. అడుగున మిగిలినది మెత్తని బురద. అందులో పడిన పిల్ల ఊపిరాడక చచ్చిపోతుంది. ఇది చాలక 20వ శతాబ్దం నడుమ రెండు రకాల రోగాలు వచ్చి మిగిలినవాటిని కూడా చంపాయి.

1988లో రోజర్ న్యూయెల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక లెక్క కట్టాడు. 1870కి ముందు ఉన్న ఆయిస్టర్లు ఆ అఖాతంలో ఉన్నంత నీటిని మూడు నాలుగు రోజుల్లో జల్లెడ పట్టగలిగేవి. 1988 నాటికి మిగిలిన ఆయిస్టర్లకు అదే పనికి 325 రోజులు పడుతుంది! ఇది అంచనాయే, అఖాతంలోని ప్రతి చుక్కా ఆయిస్టరు దగ్గరికి వరసగా వచ్చి నిలబడదు. అయినా మూడు రోజులెక్కడ, ఇంచుమించు ఏడాది ఎక్కడ!

పని చేసేవాళ్లు తగ్గిన కాలంలోనే పని పెరిగింది. పొలాల ఎరువూ, నగరాల మురుగూ అఖాతంలోకి ఎక్కువగా రాసాగాయి. ప్లవకాలు పెరిగాయి. నీరు మసకబారి, అడుగున ఉన్న నీటి గడ్డికి వెలుతురు తగ్గింది. గడ్డి పోతే అందులో దాక్కునే చేప పిల్లలకూ, పీతలకూ నీడ పోయినట్టే. వేసవిలో లోతు నీటిలో ప్రాణవాయువు లేని చోట్లు ఏర్పడుతున్నాయి. దీనికంతటికీ ఆయిస్టర్లు పోవటమొక్కటే కారణం కాదు. కాని కావలివాళ్లను పంపేసిన తరవాత ఇంట్లో దొంగలు పడినట్టయింది.

ఇప్పుడు అక్కడివాళ్లు తప్పు దిద్దుకునే ప్రయత్నంలో ఉన్నారు. హోటళ్లలో తిని పారేసిన చిప్పలను పోగు చేసి, కడిగి, ఎండబెట్టి, వాటి మీద ఆయిస్టరు పిల్లలను అంటించి, మళ్లీ అఖాతంలో వేస్తున్నారు. 2011 నుంచి 2015 దాకా హారిస్ క్రీక్ అనే ఒక్క పాయలోనే సుమారు 350 ఎకరాల్లో 200 కోట్లకు పైగా పిల్లలను వేశారు. తరతరాలుగా పెరిగిన దిబ్బను గీకెయ్యటానికి కొద్ది ఏళ్లు చాలాయి. దాన్ని తిరిగి లేపటానికి ఎన్ని కోట్ల డబ్బూ, ఎంతమంది శ్రమా కావలసివచ్చాయో చూడండి.

చిప్ప మింగిన విషం

ఇదంతా విని, "అయితే ప్రతి మురికి చెరువులోనూ గంపెడు ఆల్చిప్పలు పోస్తే సరి!" అని మీరు అనవచ్చు. సరికాదు. దానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి, ఒక చోట మేలు చేసే జీవి మరొక చోట కీడు చెయ్యవచ్చు. నల్లసముద్రం, కాస్పియన్ సముద్రం ప్రాంతాలకు చెందిన జీబ్రా మస్సెల్ అనే చారల ఆల్చిప్ప, ఓడల అడుగున నింపే నీటితోపాటు ఉత్తర అమెరికాకు పోయింది. 1988లో అక్కడి సెయింట్ క్లెయిర్ సరస్సులో అది కనిపించింది. చూస్తూ ఉండగానే పెద్ద సరస్సులన్నిటిలోకీ పాకిపోయింది. నీరు అద్దంలాగా తేటపడ్డ మాట నిజమే! కాని అంతకు ముందు ఆ ప్లవకాలను తిని బతికే చిన్న జీవులకు తిండి పోయింది. అక్కడి పాత ఆల్చిప్పల వీపుల మీద ఇవి గుత్తులు గుత్తులుగా అంటుకుని వాటిని చంపేశాయి. నీటి గొట్టాల్లో పెరిగి దారి మూసేశాయి. నీరు తేటగా ఉన్నంత మాత్రాన అంతా క్షేమమని అనుకోకూడదు.

రెండవది ఇంకా ముఖ్యం. ఆల్చిప్ప జల్లెడ రేణువు పెద్దదా చిన్నదా అని చూస్తుంది. మంచిదా చెడ్డదా అని కొంతవరకే ఏరగలదు. మురుగులోని రోగక్రిములూ, ఫ్యాక్టరీ నీటిలోని సీసం, పాదరసం లాంటి లోహాలూ దాని ఒంట్లో చేరి కూడుతూ పోతాయి. కొన్ని ప్లవకాల్లోనే విషం ఉంటుంది. ఆ విషం ఆల్చిప్పను ఏమీ చెయ్యదు; దాన్ని తిన్న మనిషిని చంపుతుంది. వండినా అది పోదు. 1981లో తమిళనాడులోని వాయలూరులో అలాంటి గుల్లలు తిని ముగ్గురు చనిపోయారు. ఇంకా చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. అందుకే మురుగు కలిసే చోట దొరికిన గుల్లలను తినకూడదంటారు.

ఈ చెడు గుణాన్నే శాస్త్రజ్ఞులు మేలుకు వాడుకుంటున్నారు. సముద్రపు నీటిలో విషం ఎంత పల్చగా ఉన్నా, ఆల్చిప్ప దాన్ని కూడబెట్టి ఉంచుతుంది గనక, ఆల్చిప్పను పరీక్షిస్తే ఆ తీరం సంగతి తెలిసిపోతుంది. 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రపంచమంతటా ఇలా ఆల్చిప్పల మీద కన్నేసి ఉంచాలని సూచించాడు. 1986 నుంచి అమెరికా ప్రభుత్వం తన తీరాలలో ఈ పరీక్షలు జరిపిస్తూ వచ్చింది. నోరు లేని ఆల్చిప్ప, "ఇక్కడ ఇది పారబోశారు," అని సాక్ష్యం చెబుతుందన్నమాట!

ఇప్పుడు మన కుర్రవాడి దగ్గరికి వద్దాం. ఆల్చిప్ప నీళ్లు తాగి బతుకుతుందన్న అమ్మమ్మ మాట అబద్ధం కాదు, సగం నిజం. అది నీటిలో ఉన్నదాన్ని తిని బతుకుతుంది. నీటిలో ప్లవకాలుంటే వాటిని తింటుంది, సున్నముంటే చిప్ప కట్టుకుంటుంది, విషముంటే దాన్నీ మింగుతుంది. వద్దు అనటం దానికి పూర్తిగా చేతకాదు.

ఆ నీటిలో ఏముండాలో నిర్ణయించేది మటుకు ఆల్చిప్ప కాదు, కాలవ గట్టున నివసించే మనం. పళ్లెంలో మనం వడ్డించినదే అది తింటుంది. ఈసారి మీరు కాలవ గట్టున నడుస్తూ ఉండగా ఇసకలో ఒక ఆల్చిప్ప కనపడితే, చేతిలోకి తీసుకుని లోపలి మెరుపు చూడండి. బతికి ఉన్నదైతే నీటిలో వదిలెయ్యండి. దానికి ఇంకా బోలెడంత పని ఉన్నది.